మచ్చ కాయలు పైన పెట్టిన గంప

మేఘాన్ని తోలుకొచ్చేవాడూ, ఒక్కో ఏడు దాన్ని మా సీమ మీదుగా తడపకుండానే దాటించేవాడూ అయిన అల్లాహ్‌కు స్తోత్రం. ఇస్తే ఆయన దయ, ఆపితే ఆయన వివేకం. రాతిపొరలో మామిడివేరుకు తోవ చూపినవాడు ఆయనే. నాబోటి వాడి తప్పును కొంతకాలం కప్పి ఉంచి, నా నోటితోనే చెప్పుకోవడానికి వ్యవధి ఇచ్చినవాడూ ఆయనే. ఆయన ప్రవక్త వారికి శాంతి కలుగుగాక. ఇక నా సంగతి చెబుతాను.

మా ఊరు కడప జిల్లాలో, జమ్మలమడుగుకు ఉత్తరంగా ఉంటుంది. మేము ఖురాను అరబ్బీలో చదివేవాళ్లం, ఇంట్లో మాటలన్నీ తెలుగే. మా తాత బనగానపల్లె నుంచి మామిడి అంట్లను తడిగోనెల్లో చుట్టి, బండిలో తెచ్చి నాటాడట. నాకు ఊహ తెలిసేసరికి అవి పెద్ద చెట్లు. తోటకు ఒక బావి, బావికి కపిల. ఎద్దులు వాలులో దిగుతుంటే తోలుసంచి నిండా నీళ్లు పైకొచ్చి కాలవలో పడేవి. తోటను ఆనుకుని ఎనిమిదెకరాల మెట్ట ఉండేది. వాన పడితే కొర్రో జొన్నో చేతికొచ్చేది, పడకపోతే పశువులు మేసే కంపలే మిగిలేవి. మేము ముగ్గురం అన్నదమ్ములం, నేను పెద్దవాణ్ణి. ఉన్న తోట ముగ్గురి సంసారాలకు చాలదని మా నాయనకు ఎప్పుడూ దిగులు. మెట్టలో రెండో బావి తవ్వించి అక్కడ కూడా మామిడి పెట్టాలన్నది ఆయన కోరిక. ఆయన ఇంకేమీ కోరుకోగా నేను వినలేదు.

దానికి అడ్డం మేము అమ్మే పద్ధతి. చుట్టుపక్కల వాళ్లు చెట్టు పూత మీద ఉండగానే తోటను గుత్తకు ఇచ్చేసేవాళ్లు. కాయ పక్వానికి వచ్చే జాడ కనబడకముందే చెట్టు మీది పంటను అమ్మరాదని ప్రవక్త వారు వారించారు కాబట్టి నాయన పూతను అమ్మేవాడు కాదు. మాకు బేరగాళ్లు వచ్చేసరికి ఊరంతా కాయలే. వాళ్లు చెప్పిందే ధర. కొన్ని గంపలు మాత్రం మేమే కట్టి జమ్మలమడుగు సంతకు తోలుకుపోయేవాళ్లం.

నేను అనంతపురంలో ఇంటరు చదువుతుండగా, ముద్దనూరు రైలు స్టేషన్లో సరుకుల గుమాస్తా ఒకాయన నాయనకు ఒక మాట చెప్పాడు. చెన్నపట్నంలో కామర్స్ అనే చదువు ఉందనీ, సరుకు ఎట్లా కట్టాలి, యాడ అమ్మాలి, రైలుకు ఎట్లా వేయాలి అన్నీ నేర్పి డిగ్రీ ఇస్తారనీ. నాయన ఇంటికి వచ్చి అమ్మతో, "యాపారానికీ బడి ఉండాదంటనే" అన్నాడు. అమ్మ నవ్వింది. ఆమె పుట్టింటి వాళ్లు వీధుల్లో గాజులమ్మేవాళ్లు. "మా నాయన ఏ బడికి పోయినాడు? గాజుల మలారం భుజాన ఏసుకుంటే పొద్దు గూకేలోపల ఖాళీ అయ్యేది," అంది.

నాయన మాత్రం దాన్ని వదల్లేదు. ఆయనకు చదువు రాదు. మా మసీదులో నాకు ఖురాను నేర్పిన హజ్రత్‌గారిని శుక్రవారం జుమా నమాజు తర్వాత అడిగాడు, అది వడ్డీల చదువు గదా, పంపితే తప్పా అని. హజ్రత్‌గారు కాసేపు గడ్డం నిమురుకుని, వడ్డీ అంటే ఏమిటో బాగా తెలిసినవాడు దాన్ని పక్కకు తప్పుకుని నడవగలడు, పంపమన్నారు. ఆ సాయంత్రం నాయన నన్ను మెట్టకు పిలుచుకుపోయి, బావి ఎక్కడ రావాలో కాలితో గీత గీసి చూపించాడు. ఇకమీదట కాయ పక్వానికి రాగానే గుత్తగాళ్లకు ఇవ్వకుండా నేరుగా చెన్నపట్నం పంపుతాననీ, నేను అక్కడ ఉండి అమ్మించాలనీ, ఆ ధర బావికి అనీ చెప్పాడు.

అవి రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజులు. రైళ్ల నిండా సిపాయిలు, పట్నంలో బియ్యానికి రేషన్. నేను ఒక మసీదు పక్క గది తీసుకుని కాలేజీలో చేరాను.

మా గంపల సంగతి ఇక్కడ చెప్పాలి. నా చిన్నప్పుడు ఒక జుమా నాడు హజ్రత్‌గారు ప్రవక్త వారి వృత్తాంతం ఒకటి చెప్పారు. ఆయన బజారులో ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు అన్నాడు. అయితే తడిసినదాన్ని జనానికి కనబడేట్టు పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. మోసం చేసేవాడు మావాడు కాడన్నారు. ఊళ్లో అందరూ విన్నారు. మా నాయన ఇంటికొచ్చి, ఆ ఏటి నుంచే గంపలో మచ్చ కాయలు, గాలికి కొమ్మ రాసుకుని గీతలు పడిన కాయలు ఏరి పైవరసలో పెట్టడం మొదలుపెట్టాడు. నున్నటి కాయలన్నీ అడుగున గడ్డిలో ఉండేవి. జమ్మలమడుగు సంతలో ఇది అందరికీ తెలుసు. మా గంప దగ్గరికి వచ్చినవాళ్లు పైవి చూసి, "ఇంతకన్నా చెడ్డవి లోపల లేవు గదా?" అని నవ్వి కొనుక్కుపోయేవాళ్లు. దాన్ని మేము వింతగా అనుకోలేదు. కాయలు కట్టే తీరు అంతే అనుకునేవాళ్లం.

మొదటి ఏడు పరీక్షలు అయ్యాక ఊరికి రాకుండా చెన్నపట్నంలోనే ఉండిపోయాను. నాయన, తమ్ముళ్లు పెన్న ఇసుకలో బండ్లు దాటించి, ముద్దనూరులో గంపలు రైలుకు వేశారు. నేను పండ్ల మండీకి పోయాను. అక్కడి బేరం వింతగా ఉండేది. మండీ యజమానీ కొనేవాడూ తుండుగుడ్డ కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్లు. పక్కనున్న వాడికి ఏమీ తెలిసేది కాదు. మా గంప మీది గోనె విప్పగానే తుండుగుడ్డ ముందుకు రాలేదు. కొనేవాడు ఒకసారి వంగి చూసి పక్క గంప దగ్గరికి పోయాడు. అట్లా ముగ్గురు పోయారు.

మండీ యజమాని తెలుగాయనే, నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. నన్ను పిలిచాడు.

"ఏమయ్యా కాలేజీ, మీ నాయనకు నా మీద ఏమన్నా కోపమా?"

"లేదండీ."

"మరి తోటలో ఉన్న దరిద్రమంతా ఏరి ఏరి పైన పెట్టాడే."

కింద మంచివి ఉన్నాయని చెప్పాను. ఎందుకట్లా కట్టామో కూడా చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, నేను హాస్యమాడటం లేదని తెలుసుకుని, ఒక గంపను చాప మీద బోర్లించాడు. అడుగు నుంచి నున్నటి పెద్ద కాయలు దొర్లాయి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇదేదో కొత్త రకం ఎత్తు అయి ఉంటుందని ఒకడన్నాడు. "ప్రతి గంపా ఇట్లా బోర్లించి అమ్మేదానికి నాకు తీరికెక్కడిది?" అని యజమాని ఉన్న గంపలన్నీ సగం ధరకు వదిలించాడు. రైలు బాడుగ పోగా మిగిలింది గుత్తగాళ్లు ఇచ్చేదానికన్నా తక్కువ. బావి ఆ ఏడు లేదు.

పైన మంచి కాయలు పెట్టమని ఇంటికి ఉత్తరం రాశాను. నా ఉత్తరాలు నాయనకు హజ్రత్‌గారే చదివి వినిపించేవారు, జవాబులూ ఆయనే రాసేవారు. నాయన మాటలు మార్చకుండా రాసేవారు కాబట్టి ఆయన గొంతు వినబడినట్టే ఉండేది. "చెడ్డది ముందు కనబడాల. కొనేటోడు కొంటాడు, లేకుంటే ల్యా. నువ్వు పరీచ్చ బాగా రాయి." అంతే.

రెండో ఏడు మాకు అమ్మకపు విద్య అని ఒక పాఠం ఉండేది. కొనేవాడి కంటికి మొదట ఆనేదే అతని దృష్టిలో సరుకంతా అని మా లెక్చరర్ చెప్పాడు. చాలా మంచి ఉపాధ్యాయుడు, ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ మాట వింటున్నంత సేపూ నా కళ్ల ముందు చాప మీద దొర్లిన కాయలే ఉన్నాయి. ఆ ఎండాకాలం గంపలు వచ్చే రోజు నేను తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు చేసుకుని, దబ్బనమూ సుతిలి తాడూ కొనుక్కుని మండీకి పోయాను. పెరట్లో కూర్చుని గంపల కుట్లు విప్పి, పైవరస కాయలు అడుక్కీ, అడుగువి పైకీ మార్చి మళ్లీ కుట్టాను. నమాజుకు ముందు వుజూ చేసి కడుక్కున్న చేతులే అవి. నాకు నేను చెప్పుకున్నది ఇది: ఒక్క కాయ తీయలేదు, ఒక్క కాయ కలపలేదు, గంపలో ఉన్నవే గంపలో ఉన్నాయి. వచ్చిన ప్రతి బండికీ అదే పని చేశాను. మండీ యజమాని నా భుజం తట్టి, "ఇప్పుడు చదువు వంటబట్టింది," అన్నాడు. తుండుగుడ్డలు మా గంపల దగ్గర ఆగసాగాయి. పోయిన ఏటికి రెండింతల ధర వచ్చింది.

పైకం ఇంటికి పంపాను. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. నాయన జుమా తర్వాత మసీదులో లేచి, దాచకుండా అమ్మేవాడికి దేవుడు మొదట్లో పరీక్ష పెట్టినా తర్వాత ధర ఇస్తాడనీ, నమ్మకపోతే తన గంపలను చూడమనీ అందరికీ చెప్పాడట. మా మసీదు జమాతులోనే ఇంకో ఇద్దరు తోటలవాళ్లు వచ్చే ఏడు తామూ మచ్చ కాయలు పైన పెట్టి చెన్నపట్నం పంపుతామన్నారట. బావి తవ్వేవాళ్లతో మాట అయిపోయింది, మొదటి పార వేసే నాటికి నన్ను రమ్మన్నాడు.

ఆ ఉత్తరం చదివి, జవాబు రాయడానికి కాగితం తీసుకున్నాను. నిజం రాసి పంపుదామంటే దాన్ని చదివేది హజ్రత్‌గారు. ఎదురుగా మసీదు అరుగు మీద ఎప్పుడూ పదిమంది ఉంటారు. ఊరికి పోయి నోటితోనే చెబుదామనుకున్నాను. పోయిన రోజు చెప్పలేదు. మరునాడూ చెప్పలేదు. జుమా వచ్చింది.

నమాజు అయ్యాక జమాతంతా మా మెట్టకు వచ్చింది. రెండేళ్ల కిందట నాయన కాలితో గీత గీసిన చోటే సున్నంతో గుండ్రంగా గుర్తు పెట్టారు. హజ్రత్‌గారు చేతులెత్తి దుఆ చేశారు. సత్యంగా సంపాదించిన దానితో తవ్వే ఈ బావిలో నీళ్లు ఇవ్వమనీ, ఆ నీళ్లు తాగే ప్రాణులన్నిటికీ మేలు చేయమనీ అడిగారు. అందరూ ఆమీన్ అన్నారు. నా నోరు పెగల్లేదు. పక్కన ఉన్న తమ్ముడు నా వైపు చూశాడు. బావి తవ్వేవాళ్ల పెద్ద బిస్మిల్లా అనమని నాయన చేతికి పార ఇచ్చాడు. నాయన మొదటి మట్టి తీశాడు.

నాలుగు రోజులు తవ్వారు. గుంత నడుము లోతుకు వచ్చింది. ఆ మధ్యాహ్నం నాయన తోటలో కపిల మోకు పేనుతుంటే పోయి ఎదురుగా కూర్చున్నాను. జరిగింది మొదటి నుంచి చెప్పాను. ఆయన పేనడం ఆపకుండా విన్నాడు.

"ఎన్ని గంపలకు చేసినావు?"

"అన్నిటికీ, నాయనా."

"నేను పైన పెట్టినవి అడుక్కు ఏసినావు."

"ఊఁ."

"కొన్నోళ్లు యాడోళ్లో, ఎవురో తెలుసునా?"

"తెలీదు. శానామంది. చిల్లర అంగళ్లోళ్లు. వాళ్ల దగ్గర ఇంకెవరెవరు కొన్నారో."

ఆయన మోకు పక్కన పెట్టాడు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"బావి మనది కాదురా అయితే," అన్నాడు. లేచి మెట్ట వైపు పోయాడు.

పని ఆపించాడు. చేసిన నాలుగు రోజులకూ, మాట ఇచ్చి ఆపినందుకు ఇంకో నాలుగు రోజులకూ కూలి ఇచ్చి, కాయలకు రావాల్సినదానికన్నా ధర ఎక్కువ వచ్చింది, అది మనది కాదని మాత్రం చెప్పాడు. బావి తవ్వేవాళ్ల పెద్ద పారలు భుజాన వేసుకుంటూ, "నీళ్లు పడల్యాని ఆపినోళ్లను చూసినాం, రాయి తగిలిందని ఆపినోళ్లను చూసినాం. ధర శానా వచ్చిందని ఆపినోణ్ణి నిన్నే చూస్తాండామప్పా," అన్నాడు. నాయన కూడా నవ్వాడు. నవ్వి మొహం తిప్పుకున్నాడు.

హజ్రత్‌గారి దగ్గరికి ఇద్దరమూ పోయాం. దాచిపెట్టడం వల్ల ఎక్కువగా వచ్చిందేదో అది కొన్నవాళ్లదనీ, వాళ్లను వెతికి ఇవ్వడం సాధ్యం కాదు కాబట్టి లేనివాళ్లకు ఇచ్చేయమనీ ఆయన చెప్పారు. ఇచ్చి పుణ్యం అడగకూడదు, మనది కానిది ఇస్తే పుణ్యమేముంది అన్నారు. ఆ ఏడు గండికోట వైపు ఊళ్లలో కరువు. పైకం అటు జొన్నలుగా పోయింది. ఎవరు పంపారో చెప్పలేదు.

తర్వాతి జుమా నాడు నాయన మళ్లీ లేచాడు. పోయిన నెల తాను చెప్పింది తప్పన్నాడు. "నా గంపలకు ధర వచ్చింది దాసిపెట్టినందుకు. దాసకుండా పంపిన ఏడు రాల్యా. మీరు నా మాట నమ్మి నష్టపోవద్దండి," అని కూర్చున్నాడు. నా పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు, చెన్నపట్నంలో ఉన్నది నేనొక్కణ్ణే. మచ్చ కాయలు పైన పెడతామన్న ఇద్దరిలో ఒకాయన బయటికి వస్తూ, "ఏమప్పా, రేపు మీ నాయన చెప్పుల్లో కాలు పెట్టేది నువ్వేనా," అన్నాడు. నేను నిజంగానే వంగి నాయన చెప్పులు తిప్పి పెడుతున్నాను.

ఇక చదువు మాన్పిస్తాడనే అనుకున్నాను. అమ్మ కూడా అదే అంది, ఇంకో ఏడు పట్నంలో ఉంటే వీడు రాళ్లు అడుగున పెట్టి అమ్ముతాడని. నాయన ఒప్పుకోలేదు. సగం చదువుతోనే ఇంత తప్పు చేశాను కాబట్టి మిగతా సగం చదివి రమ్మన్నాడు. ఆయన అది ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అట్లా అనుకున్నాడు.

చివరి ఏడు పాత నోటు పుస్తకాలు తిరగేస్తుంటే అదే లెక్చరర్ చెప్పిన ఇంకో పాఠం కనబడింది. సరుకును రకాలుగా వేరు చేయడం, రకానికొక గుర్తు పెట్టడం. నా చేతిరాతే. రాసుకున్నట్టు కూడా గుర్తు లేదు. సెలవుల్లో నాయనతో చెప్పాను, నున్నటివి ఒక గంప, మచ్చవి ఒక గంప, ఒకదాంట్లో ఒకటి కలపకుండా కడదామని. అప్పుడు పైదీ కిందిదీ ఒకటే. ఆయన ఆలోచించి, మచ్చ కాయల గంపకు పెట్టే గుర్తు గుడ్డివాడు తడిమినా తెలియాలన్నాడు. నల్ల కంబళి దారంతో పిడికెడంత ముడి వేసి కుట్టడం అట్లా మొదలైంది. చెట్టు కింద ఏరడానికి అమ్మా, పక్కింటి ఆడవాళ్లూ కూర్చున్నారు. ఒక్కో కాయను రెండు వైపులా తిప్పి చూడాలి. బండి బయలుదేరడం రోజున్నర ఆలస్యమయ్యేది.

మండీ యజమాని ముడి చూసి ఇదేమి తాయెత్తు అన్నాడు. ఆ ఎండాకాలం ధర గొప్పగా ఏమీ రాలేదు. కొనేవాళ్లు అడుగు దాకా చెయ్యి పెట్టి గెలికేవాళ్లు, గెలికి కొన్ని కాయలు నలిపేవాళ్లు కూడా. ముడి ఉన్న గంపలు ఊరగాయల వాళ్లూ రసం తీసే వాళ్లూ కొనేవాళ్లు. తర్వాతి ఏడు గెలకడం తగ్గింది. ఆలోగా నాకు డిగ్రీ వచ్చింది, రెండో తరగతిలో. కలెక్టరు కచేరీలో ఉద్యోగానికి అర్జీ పెట్టుకోమని చాలామంది చెప్పారు. నేను తోటకు వచ్చేశాను. సగంలో ఆపిన బావిని మూడేళ్ల తర్వాత మళ్లీ తవ్వించాం. నీళ్లు కొంచెం ఉప్పగా పడ్డాయి. కొత్త అంట్లలో పావు వంతు చచ్చిపోయాయి, మిగతావి ఉన్నాయి. నాయన ఆ నీళ్లతో వుజూ చేసి, మెట్టలో తుండు పరుచుకుని రెండు రకాతుల నమాజు చేశాడు. ఇప్పుడాయన లేడు.

ఆయన పైకం వదులుకున్నాడు కాబట్టి ఆయన భారం దిగింది. నాది దిగిందో లేదో నాకు తెలియదు. ఆ ఎండాకాలం చెన్నపట్నంలో ఎవరో ఒక తండ్రి పైవరస చూసి ముచ్చటపడి కొని, ఇంటికి పోయి విప్పి, పిల్లల ముందు అడుగు కాయలు తీసి ఉంటాడు. అట్లాంటివాళ్లు ఎందరో. ఒక్కరి మొహం కూడా నాకు తెలియదు. వాళ్లలో కొందరు ఇప్పటికి లోకం విడిచి ఉంటారు. ఇది చదువుతున్న మీరు ఏ మతం వారైనా సరే, ఒక్క క్షణం పుస్తకం పక్కన పెట్టి నాతోపాటు అడగండి. ఓ ప్రభూ, ఆ కొన్నవాళ్లకు నా వల్ల తగ్గినదాన్ని నీ దగ్గరున్న దానిలోంచి పూరించు. లెక్క అడిగే రోజున వాళ్లు నన్ను పట్టుకోకుండా వాళ్ల మనసులను మెత్తపరచు. ఆమీన్ అనండి. ఆ రోజు మెట్టలో నేను అనలేకపోయాను, ఇవాళ మీతో కలిసి అంటున్నాను.